పాత కోర్టులో ఉండిపోయినవాడు

మా పిరిహిరా పెద్దమ్మ ఎవరికీ వీడ్కోలు చెప్పేది కాదు. కారు దిగిందంటే తలుపు ధడాలున వేసి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంట్లోకి పోయేది. మా మావోరీల్లో దానికో పద్ధతుంది. వెళ్ళేవాళ్ళు "ఉండండి" అనాలి, ఉండేవాళ్ళు "వెళ్ళండి" అనాలి. పక్కింటికి ఉప్పుకోసం వెళ్ళినా ఈ రెండు మాటలూ అనుకోకుండా ఎవరూ గుమ్మం దాటరు. నేను ఆవిణ్ణి వైపేకా ఊరంతా కారులో తిప్పి, సంచులు మోసి, గుమ్మం దాకా దిగబెట్టి "ఉండు పెద్దమ్మా" అంటే, ఆవిడ నోటినుంచి "వెళ్ళవే హూహానా" అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. మనిషన్నాక ఆపాటి మర్యాద ఉండొద్దూ! నేను తిట్టుకుంటూ కారు తిప్పుకునేదాన్ని.

చావుల దగ్గరా అంతే. మాలో మనిషి పోతే మరై లోగిట్లో, పూర్వీకుల సభా ఇంటి ముందు, మూడు రోజులు ఉంచుతాం. ఆ మూడు రోజులూ శవాన్ని క్షణం కూడా ఒంటరిగా వదలం. ఆడవాళ్ళం తలకు పచ్చి ఆకుల దండలు కట్టుకుని చుట్టూ కూర్చుంటాం, అక్కడే నడుం వాలుస్తాం, శవం పక్కన మాత్రం మెతుకు ముట్టం. ఊళ్ళవాళ్ళు గుంపులుగా వచ్చి పోయినవాళ్ళతో మాట్లాడతారు, నాలుగు తిడతారు, పాత సంగతులు చెప్పి నవ్విస్తారు, చివరికి అందరూ ఒకటే మాట చెప్తారు: "వెళ్ళు, వెళ్ళు, వెళ్ళు." ఆ మాట చెప్పకపోతే పోయినవాళ్ళకు కాలు కదలదు. పిరిహిరా పెద్దమ్మ సరిగ్గా ఆ వేళకు వంటపాకలోకి దూరిపోయి చిలగడదుంపల చెక్కు తీస్తూ కూర్చునేది. మా అమ్మ పోయినప్పుడూ అంతే చేసింది. మా అమ్మ ఆవిడకు సొంత చెల్లెలు. నాకు ఒళ్ళు మండిపోయి వంటపాకలోకే వెళ్ళి అడిగాను.

"ఏం పెద్దమ్మా, చెల్లెలికి ఒక్క మాట చెప్పడానికి నోరు రావట్లేదా నీకు?"

"మీరంతా చెప్తున్నారు కదే. దానికేమన్నా చెవుడా? జరుగు, వెలుతురుకు అడ్డం" అంది, తల ఎత్తకుండా.

ఊరివాళ్ళకు ఆవిడ మీద అసలు కోపం ఇది కాదు. పాత కోర్టు ఊడ్చే పని చేసిందని.

నది ఒడ్డున ఉన్న ఆ కోర్టు మా ముత్తాతల కాలంలో తెల్లవాళ్ళు కట్టింది. ముందు భాగమంతా మంచి చెక్క. వెనక మాత్రం ఇటుకలతో ఒక చిన్న గది, లాకప్పు. ముందు గదిలో కూర్చునే మా భూములు ఎవరివో తేల్చారు. మావాళ్ళు ఆ వరండాలో పిలుపు కోసం వారాల తరబడి పడిగాపులు పడ్డారు. విసిగి ఇళ్ళకు పోయినవాళ్ళు తిరిగి వచ్చేసరికి కొండలకు కొండలే వేరేవాళ్ళ పేరున ఉండేవట. ఇక వెనక గదిలో మా మేనమామ హామియోరా పోయాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళవాడు. గుర్రప్పందాల రోజున ఎవడితోనో కలబడ్డాడని కానిస్టేబుల్ పట్టుకెళ్ళి అందులో వేశాడు. పొద్దున తలుపు తీస్తే ప్రాణం లేదు. చిన్నప్పటినుంచీ ఉబ్బసం మనిషి. మావాళ్ళను ఆ గదిలోకి అడుగు పెట్టనివ్వలేదు. శవాన్ని పట్నం ఆస్పత్రికి తీసుకుపోయి, పెట్టెలో పెట్టి, అక్కడినుంచే మరైకి పంపారు. మా తాత నోరెత్తి ఒక్క మాట అడగలేకపోయాడు. అప్పటి రోజులు అలాంటివి.

అలాంటి చోట పిరిహిరా పెద్దమ్మ వయసు రాగానే చీపురు పట్టింది.

"అన్నను మింగిన నేలను తుడుస్తోంది, దీనికి సిగ్గూ శరం ఉన్నాయా" అని మొహం మీదే అనేవాళ్ళట. "ఉన్ని కత్తిరించే షెడ్లలో పని దొరకలేదా నీకు?" అని మా అమ్మ కాళ్ళావేళ్ళా పడిందట. ఆవిడ అందరికీ ఒకటే సమాధానం: "నా చీపురు, నా ఇష్టం." అంతకు మించి పెదవి విప్పితే ఒట్టు. అక్కడి గుమాస్తా మంచివాడే, మధ్యాహ్నం టీ ఇచ్చేవాడు. ఆ కప్పు పట్టుకుని గేటు బయటకు వెళ్ళి, రోడ్డు మీద నిలబడి తాగేది. వానలో కూడా. ఆ ఇంట్లో ఏనాడూ ఒక బిస్కెట్టు ముక్క నోట్లో వేసుకోలేదు. "మహారాణి పొగరు" అనుకున్నారు జనం. ఏప్రన్ జేబులో ఎప్పుడూ నాలుగు పచ్చి ఆకులు ఉండేవి. మందాకులేమో అనుకున్నాను నేను.

ఆవిడకు పెళ్ళయింది. పెనిమిటి ఉన్ని కత్తిరించేవాడు, నెమ్మదైన మనిషి, త్వరగానే పోయాడు. పిల్లల్లేరు. కోర్టు పట్నానికి తరలిపోయింది, ఆ భవనం మూతపడింది. తాళంచెవి తిరిగి ఇమ్మని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు, ఆవిడ ఇవ్వనూ లేదు. రోజూ పొద్దువాలే వేళకు వెళ్ళి, వెనక గది పక్క మెట్టు మీద కూర్చుని, గడ్డినార చీలుస్తూ బుట్టలు అల్లేది. అల్లుతూ మాట్లాడేది.

బడిపిల్లగా ఉన్నప్పుడు ఒకసారి కంచె వెనక నక్కి ఆవిడ మాటలు విన్నాను. ఏ మంత్రాలో చదువుతోందనుకున్నాను. నా తలకాయ! రగ్బీలో మన ఊరు ఎలా ఓడిందో చెప్తోంది. "ఆ బంతి ఒకటి కాళ్ళ దగ్గరికొచ్చినా పట్టుకోలేకపోయాడు, దద్దమ్మ" అంటోంది. ఎవరు ఎవరితో లేచిపోయారో, ఎవరి ఆవు ఎవరి పెరట్లో పడిందో, అన్నీ పూస గుచ్చినట్టు చెప్తోంది. నాకు నవ్వాగలేదు. అప్పుడు గోడ లోపలినుంచి దగ్గు వినబడింది. పొడిదగ్గు, గుండెలో ఎక్కడో తట్టుకుని పైకొచ్చే దగ్గు. పెద్దమ్మ మాట ఆపి, అది తగ్గేదాకా ఆగి, మళ్ళీ రగ్బీ ఎత్తుకుంది. నేను చెప్పులు వదిలేసి ఇంటిదాకా పరుగెత్తాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్తే నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు నవ్వుతారు. నేను విన్నది మాత్రం విన్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు పెద్ద తుపాను వచ్చింది. కొండల మీద పైన్ చెట్లు నరికినవాళ్ళు వదిలేసిన దుంగలన్నీ వాగుల్లో కొట్టుకొచ్చి, మా నదిలో అడ్డంపడి, ఊరి మీద పడ్డాయి. మేమంతా మెరక మీది బడిలో తలదాచుకున్నాం. ఎవరి ఇల్లు ఉందో ఎవరిది పోయిందో తెలియక అందరికీ ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి. పిరిహిరా పెద్దమ్మ మాత్రం తడిసిన దుప్పటి కప్పుకుని, వచ్చిన ప్రతివాణ్ణీ ఒకటే అడిగింది: "కోర్టు వెనక గది ఉందా?"

"నీ ఇల్లు చూరు దాకా మునిగింది వదినా, ముందు దాని సంగతి అడుగు" అన్నాడు పరతేనె. ఆయన ఆవిడకు మరిది, మా మరైలో సభ మీద మాట్లాడే పెద్దమనిషి.

"నా ఇల్లు పోతే పోయింది. వెనక గది ఉందా లేదా చెప్పరా!"

ఉంది. దుంగలు కోర్టు పక్క గోడను చీల్చుకుని ముందు గదంతా నిండిపోయాయి, వరండా కొట్టుకుపోయింది, కప్పు ఒక వైపు కూలింది. ఇటుక గది మాత్రం బురద చార తప్ప చెక్కు చెదరలేదు.

కౌన్సిల్ వాళ్ళు కూల్చేస్తామన్నారు. పాత కట్టడాల సంఘం వాళ్ళు వీల్లేదన్నారు. ఇద్దరూ తన్నుకుని తన్నుకుని, చివరికి మీరే ఏదో ఒకటి చేసుకోండని మా తెగకు అప్పజెప్పారు. మరైలో సభ పెడితే సగం మంది తగలబెట్టమన్నారు. అందరికంటే ముందు ఆ మాట అన్నది పరతేనె. అప్పుడు మా అమ్మాయి ఆనహేరా లేచింది. అది ఆక్లండ్‌లో కట్టడాల చదువు చదివి తిరిగొచ్చిన పిల్ల. నా కడుపున పుట్టింది కాబట్టి నోరు తక్కువేం కాదు.

"తగలబెడితే బూడిద మనకు, కథ వాళ్ళకు మిగుల్తాయి తాతా" అంది. "మన భూమి పోయిన గదిలోనే మన పిల్లలు పాటలు నేర్చుకోవాలి. నార అల్లాలి. మనవాళ్ళ ఫొటోలు ఆ గోడలకే వేలాడాలి. జడ్జి కుర్చీ ఉన్నచోట మన ముసలమ్మలు కూర్చోవాలి."

పరతేనె గడ్డం గోక్కున్నాడు. "ఆ కుర్చీ సంగతి బావుంది" అన్నాడు చివరికి. "ఎవరికైనా కడుపు మండితే మండనీ. కట్టండి."

పని మొదలైంది. దుంగలు తీశారు, వాటిలో మంచివి చెక్కి స్తంభాలు చేశారు. ముందు గది చూస్తుండగానే ప్రాణం పోసుకుంది. వెనక గదే మొండికేసింది. గోడకు సున్నం పూస్తే ఆరదు. మిగతా గోడలు తెల్లగా ఆరిపోయినా ఆ ఒక్క గదిలో పూసింది పూసినట్టే చేతికి అంటుకునేది. పట్నంనుంచి వచ్చిన మేస్త్రీ రెండుసార్లు గీకించి మళ్ళీ పూయించాడు. మూడోసారి పనిముట్లు అక్కడే వదిలేసి బయటికొచ్చి, "లోపల ఎవరికో బాగా జబ్బుగా ఉంది, చూసుకోండి" అన్నాడు. ఆ మనిషి మళ్ళీ రాలేదు. మా కుర్రాళ్ళు కూడా ఆ వైపు వెళ్ళాల్సొస్తే ఇద్దరిద్దరు వెళ్ళేవాళ్ళు, వచ్చి గేటు దగ్గర కుండలో నీళ్ళతో చేతులు కడుక్కునేవాళ్ళు. తడిసిన ఉన్ని వాసన వేస్తోందని చెప్పేవాళ్ళు. పరతేనె నీళ్ళు చల్లాడు, ప్రార్థనలు చదివాడు. బయటికొచ్చినప్పుడు ఆయన మొహం పాలిపోయి ఉంది.

"వెళ్ళడానికి వాడు సిద్ధంగానే ఉన్నాడే" అన్నాడు నాతో మెల్లగా. "ఎవరో పట్టుకున్నారు."

ఆ పట్టుకున్నదెవరో మా ఇద్దరికీ తెలుసు. పైకి అనలేదు.

ఈలోగా ఆనహేరా ఇంకో పేచీ తెచ్చింది. ఆ గదికి ఉన్న ఒక్క తలుపూ కోర్టు హాల్లోకే తెరుచుకుంటుంది, నది వైపు పైన ఊచల కిటికీ ఒకటి తప్ప గాలాడే దారి లేదు, కాబట్టి ఆ గోడ పగలగొట్టి నదిలోకి చూసేలా పెద్ద ద్వారం పెడదామంది. పిరిహిరా పెద్దమ్మ బుట్టలు పక్కన పడేసి మీదికొచ్చింది.

"ఆ గోడ మీద చెయ్యి వేశావంటే చెయ్యి విరిచేస్తా!"

"అమ్మమ్మా, అది లాకప్పు. గాలి లేక మనిషి పోయిన గది. దాన్నలాగే ఉంచి అందులో నార అల్లమంటావా పిల్లల్ని?"

"అందులో ఎవరూ ఏమీ అల్లక్కర్లేదు. తాళం వెయ్యండి. నా దగ్గర చెవి ఉంది."

"నీ చెవి పాతది, తలుపు వరదలో ఉబ్బిపోయింది" అంది ఆనహేరా. పెద్దమ్మ మొహం చూసి నేను దాని జబ్బ పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చాను.

బాగుచేసిన కోర్టు ఇల్లు తెరిచే రోజు పెట్టుకున్నారు. చలికాలంలో కృత్తికలు మళ్ళీ తూర్పున పొడిచే వేకువ మాకు కొత్త సంవత్సరం. ఏడాదిలో పోయినవాళ్ళ పేర్లు పిలిచి నక్షత్రాలకు అప్పజెప్పేది అప్పుడే. కొత్త ఇంటి మైల విడిపించాలంటే పెద్ద వంశంలో పుట్టిన ముసలామె ఒకతె అందరికంటే ముందు గడప దాటాలి. ఆమె దాటితేనే మిగతావాళ్ళు అడుగు పెడతారు, పిల్లలొస్తారు, తిండి లోపలికి వస్తుంది. లేకపోతే ఎంత సొగసుగా కట్టినా అది ఉత్త కొంపే. మా తెగలో ఆ అర్హత మిగిలింది ఒక్క పిరిహిరా పెద్దమ్మకే. పరతేనె శాలువా కప్పుకుని, ఎండు ఈల్ చేప పొట్లం కట్టుకుని, మర్యాదగా అడగడానికి వెళ్ళాడు. నేను కారులో కూర్చుని కిటికీలోంచి వింటున్నాను.

"వదినా, గడప నువ్వే దాటాలి."

"నేను దాటను."

"మోకాళ్ళ నొప్పులా? ఎత్తుకుని దాటిస్తాలే. పెళ్ళి రోజు మా అన్న ఎత్తుకోలేదని అలిగావుగా."

"పరాచికాలాడకు. నేను దాటితే ఏమవుతుందో నీకు తెలుసు."

"తెలుసు" అన్నాడు పరతేనె. గొంతులో నవ్వు పోయింది. "తెలిసే వచ్చాను. నువ్వు దాటకపోతే ఆ ఇల్లు తెరవను. దుంగల్ని మళ్ళీ అడ్డంగా పేరుస్తాను. పిల్లలకు కూడా నువ్వే చెప్పుకో."

పెద్దమ్మ ఈల్ చేప పొట్లం తీసి ఆయన చేతుల్లోనే పెట్టేసి తలుపు వేసుకుంది.

పండగ దగ్గరపడింది. ఆనహేరా తిండి మానేసింది. రెండేళ్ళుగా దానికి ఇంకో లోకం లేదు. ఒకరోజు పొద్దువాలే వేళ నేనే తెగించి కోర్టు వెనక మెట్టు దగ్గరికి వెళ్ళాను, నాలుగు దులిపేద్దామనే వెళ్ళాను. పెద్దమ్మ నార చీల్చడం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊచల కిటికీ కేసి చూస్తోంది. నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ నేను అడగకుండానే మొదలుపెట్టింది.

"ఆ రోజు ఇదే వేళ. నాకు పన్నెండేళ్ళు. నాన్న పందాల దగ్గర తాగి పడున్నాడు. హామీని ఇందులో వేశారని తెలిసి పరుగెత్తుకొచ్చా. కిటికీ అందలా. ఇక్కడ నిలబడే పిలిచా. లోపల దగ్గుతున్నాడు. 'పిరీ, కాసేపు ఉండవే' అన్నాడు. నాకు భయమేసింది. కానిస్టేబుల్ వస్తాడని, ఇంటి దగ్గర అమ్మ కొడుతుందని. 'నేను వెళ్ళాలి. నువ్వు ఇక్కడే ఉండు, పొద్దున్నే నాన్నను తీసుకొస్తా' అన్నా. వాడు నవ్వాడు. 'ఎక్కడికి పోతానే! సరే, వెళ్ళు' అన్నాడు."

చెప్పాల్సినవాళ్ళు చెప్పాల్సిన మాటలే అవి. కానీ బతికున్న పిల్ల "ఉండు" అని పోయింది. పోయేవాడు "వెళ్ళు" అని మిగిలాడు.

"మరైలో మూడు రోజులూ అందరూ ఆ పెట్టెతో వెళ్ళు, వెళ్ళు అంటున్నారు" అంది పెద్దమ్మ. "నాకు అరవాలనిపించింది. పెట్టెలో వాడు లేడే. ఇక్కడ ఉన్నాడు. నేను ఉండమన్నా, ఉన్నాడు. చెప్పిన మాట వినే రకం వాడు. పోయినవాణ్ణి ఒంటరిగా వదలకూడదు కదా? మూడు రోజులు కూర్చుంటారు మీరు. నేను ఇంకా కూర్చునే ఉన్నా."

చీపురు, వానలో రోడ్డు మీద తాగిన టీ, జేబులో ఆకులు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఊరంతా సిగ్గులేని మనిషి అన్న ఆడది అరవై ఏళ్ళకు పైగా శవజాగరణ చేసింది. ఆవిడ మీద నేను పడ్డ విసుగంతా తిరిగి నా మొహానే కొట్టింది. తిట్టడానికి వచ్చినదాన్ని ఏడుస్తూ కూర్చున్నాను. లోపల దగ్గు మొదలైంది. ఈసారి నేను పారిపోలేదు.

"వింటున్నావా?" అంది.

"వింటున్నా."

"రోజురోజుకీ ఎక్కువవుతోందే. వరద నీళ్ళు తాగాడు కదా, ఊపిరి అందట్లా. నేను ఉండమన్నందుకు ఇంకా ఆ గదిలోనే ఊపిరాడక కొట్టుకుంటున్నాడు. కానీ పొమ్మంటే... పోతాడు కదే. మళ్ళీ నేనెక్కడికి వచ్చి కూర్చోవాలి?"

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. రాయిలా చల్లగా ఉంది. ఆవిడే లేచి, ఒడి దులుపుకుంది.

"నీ కూతుర్ని పిలువు. ఆ గోడ పగలగొట్టమను."

"ఏంటీ?"

"ఆ గదికి ఒకటే తలుపు. అది కోర్టు హాల్లోకి పోతుంది. నా అన్న ఆ హాల్లోంచి పోడు. ముద్దాయిలా జడ్జి ముందునుంచి నడిచి పోడు. నది వైపు పోతాడు. పగలగొట్టమను, వింటున్నావా?"

మర్నాడు ఆనహేరా స్వయంగా సుత్తి పట్టింది. మొదటి దెబ్బ మాత్రం పెద్దమ్మ వేసింది. ఇటుక చెక్కు కూడా రాలలేదనుకోండి, అయినా వేసింది.

పండగ వేకువన చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఊరంతా గేటు బయట నిలబడింది. తూర్పున కొండ మీద కృత్తికలు మసగ్గా కనిపించాయి. పరతేనె మంత్రం అందుకున్నాడు. పిరిహిరా పెద్దమ్మ నల్లబట్టలు కట్టుకుని, తలకు పచ్చి ఆకుల దండ పెట్టుకుని వచ్చింది. జేబులో కాదు, అందరికీ కనబడేలా తలకే. ముసలివాళ్ళు కొందరు అది చూసి ఊపిరి బిగబట్టారు. ఎవరి కోసం పెట్టుకుందో వాళ్ళకు తెలిసిపోయింది.

గడప దాటింది. హాలు దాటింది. జడ్జి కుర్చీ ఉన్నచోటికి కన్నెత్తి చూడలేదు. నేరుగా వెనక గదిలోకి వెళ్ళి, నేల మధ్య, నది వైపు తిరిగి చతికిలబడింది. మేం తలుపు దగ్గర ఆగిపోయాం. పరతేనె కూడా మంత్రం ఆపేశాడు. లోపల ఆ దగ్గు, ఆయాసం, అందరికీ వినబడుతూనే ఉంది. ఈసారి నవ్వేవాళ్ళు లేరు.

పెద్దమ్మ గొంతెత్తింది. మా ఆడవాళ్ళు పోయినవాళ్ళను పిలిచే పిలుపు అది. ఆవిడ నోట ఆ పిలుపు ఊరు ఎన్నడూ వినలేదు. గొంతు జీరబోయింది, మధ్యలో విరిగింది, మళ్ళీ అందుకుంది. తర్వాత మామూలుగా, రగ్బీ సంగతులు చెప్పినట్టే చెప్పింది.

"హామీ, వచ్చాను రా. ఆలస్యమైంది. కూర్చున్నా చూడు, ఎక్కడికీ పోవట్లా. ఉండేది నేను. నువ్వు వెళ్ళు. వెళ్ళు నాన్నా, వెళ్ళు."

తడిసిన ఉన్ని వాసన గుప్పుమంది. నేను తలుపుకు ఆనుకుని నిలబడ్డాను, బయట ఆకు కదిలేంత గాలి కూడా లేదు. అయినా పగలగొట్టిన గోడ వైపు గాలి కదిలింది. లోపలినుంచి బయటికి. ఆవిడ తల మీది ఆకులు అటు ఒరిగాయి. దగ్గు ఆగింది. మేమంతా మళ్ళీ వస్తుందేమోనని చెవులు రిక్కించి నిలబడ్డాం. రాలేదు. నది చప్పుడు ఒక్కటే వినబడింది.

తిండి లోపలికి వచ్చింది. నూనెలో వేయించిన రొట్టెలు, పంది ఎముకల పులుసు, ఆల్చిప్పలు. తింటేనే మైల వదిలేది. మొదటి రొట్టె ముక్క పెద్దమ్మే తినాలి. నోట్లో పెట్టుకుని నమలలేక అలా పట్టుకుని కూర్చుంది.

"ఉప్పు తక్కువైందా వదినా?" అన్నాడు పరతేనె. ఆయన కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"మూసుకోరా" అని మింగింది.

సున్నం ఆ వారంలోనే ఆరిపోయింది. పిల్లలొచ్చారు, పాటలు మొదలయ్యాయి, నార కట్టలు వచ్చాయి. ఆనహేరా మళ్ళీ తిండి తింది. నాకు మాత్రం కొత్త దిగులు పట్టుకుంది. పెద్దమ్మ ఆ గది వదలడం లేదు. తెల్లారగానే వచ్చి, అదే చోట, నేల మీద కూర్చునేది. అల్లేది కాదు. మాట్లాడేది కాదు. వినేది. పిల్లలు చుట్టూ గోల చేస్తున్నా చెవి ఒకవైపు ఒగ్గి వింటూనే ఉండేది. మనిషి రోజురోజుకీ తరిగిపోతోంది. ఉండేది నేను అని అందరి ముందూ అనేసింది కదా. అన్న మాట నిలబెట్టుకునే వంశం మాది. ఒకణ్ణి విడిపించి ఆ చోట్లో తనే కూర్చుందా అనిపించింది నాకు.

ఒక సాయంత్రం పిల్లలంతా వెళ్ళిపోయారు. పరతేనె గేటు దగ్గర బండి పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నేను తీసుకెళ్దామని గదిలోకి వెళ్ళాను.

"పద పెద్దమ్మా."

"నువ్వెళ్ళు."

ఆవిడ నాతో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ దాని కోసం సణిగినదాన్ని, విన్నాక భయపడ్డాను. అలవాటుగా "ఉండు పెద్దమ్మా" అని నా నోటిదాకా వచ్చింది. నాలుక కరుచుకున్నాను. అంటే అయిపోయేది. వెళ్ళి ఆవిడ పక్కన నేల మీద చతికిలబడ్డాను.

"ఏంటే?"

"నేను ఉంటాలే ఇక్కడ" అన్నాను. "నువ్వు వెళ్ళు. నీ మరిది చలిలో గడ్డకట్టిపోతున్నాడు. వెళ్ళు పెద్దమ్మా."

నా మొహంలోకి వంగి చూసింది. ఆవిడ మొహం అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. ఏడ్చింది. గొంతు విప్పి, చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. మరైలో ఆ మూడు రోజులూ ఏడవకుండా దాచుకున్నదంతా నా ఒళ్ళో పోసింది. "పోయాడే. నిజంగానే పోయాడే" అంది. నేను వీపు నిమిరాను. తర్వాత మోకాళ్ళు పట్టుకుని లేచింది. నది వైపు గడప దగ్గర ఆగింది. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. ఆ మాట బయటికి రావడానికి ఎంత కష్టపడిందో నేను చూశాను.

"సరేనే హూహానా. ఉండు" అంది.

"వెళ్ళు" అన్నాను.

గేటు దగ్గర పరతేనె ఏదో అనడం, ఆవిడ తిట్టడం, బండి కదలడం వినబడ్డాయి. నేను చీకటి పడేదాకా ఆ గదిలో కూర్చున్నాను. ఎక్కడా ఏ చప్పుడూ లేదు. లేచి తాళం వేసుకుని ఇంటికి వెళ్ళాను. వెళ్ళేటప్పుడు ఎవరినీ ఉండమని చెప్పలేదు.